సమాధానము గల మనుష్యుడు
లైమన్ జ్యూయెట్ దొరగారి జీవితము

సమాధానము అను మాటను మన విద్యార్థులు పరీక్షపత్రములలో ఏటేట ఎన్నియో మారులు చూచుచుందురు. ప్రశ్న యొకటి యుండును. దానిక్రింద సమాధానము వ్రాయుటకు స్థలముండును. ఐతే ఆదివారమున దేవాలయములో పరిశుద్ధ గ్రంథము తెరచినప్పుడు ఆ మాటయే మరియొక యర్థముతో మనకెదురగును. అచ్చట సమాధానమనగా హృదయశాంతి. దేవునితోను, పొరుగువానితోను, తన మనస్సుతోను విరోధము లేని స్థితి. ఒక్క మాటకు మన భాష రెండర్థముల నిచ్చినది. మొదటిది ప్రశ్నకు జవాబు. రెండవది మనస్సుకు నెమ్మది.

మొదటిది చేతికి వచ్చిన తరువాతనే రెండవది కలుగునని లోకమంతయు తలంచును. ఉత్తీర్ణుడనైన వార్త వచ్చినగాని శాంతి లేదని విద్యార్థి తలంచును. అప్పు తీరినగాని శాంతి లేదని తండ్రి తలంచును. తాను చెప్పిన పాఠము ఫలించినగాని శాంతి లేదని ఉపాధ్యాయుడు తలంచును. ఈ క్రమమును తలక్రిందులుగా చేసి, జవాబు రాకమునుపే నెమ్మదిని పొంది, ఆ నెమ్మదివలననే జవాబు వచ్చువరకు నిలువగలిగిన యొక మనుష్యుడు మన నెల్లూరి సీమలో జీవించెను. ఆయనయే లైమన్ జ్యూయెట్ దొరగారు. ఆయన పేరు మన పెద్దలు విన్నదే. జీవితము మాత్రము పిల్లలలో పెక్కుమందికి తెలియదు. ఆ కొరత తీర్చుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

జ్యూయెట్ గారు 1813వ సంవత్సరమున అమెరికాదేశపు ఈశాన్యభాగమున మెయిన్ అను రాష్ట్రములో జన్మించిరి. ఆయన చదువు త్వరగా ముగిసిన చదువు కాదు. బ్రౌన్ విశ్వవిద్యాలయమునుండి 1843లో పట్టము పొందునప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు. ఆ పిమ్మట న్యూటన్ వేదాంత విద్యాలయమున మరికొన్నియేండ్లు చదివిరి. తోటివారు కాపురములు పెట్టి స్థిరపడిన వయస్సున ఆయన యింకను పుస్తకములు చేతబట్టుకొని యుండిరి. నిదానముగా పక్వమగు స్వభావము ఆయనది.

ఆయన రాక ముందు నెల్లూరి మిషను స్థితి యెట్లుండెనో కొంచెము చెప్పవలెను. సామ్యుయేల్ డే దొరగారు 1836లో ఈ దేశమునకు వచ్చి, విశాఖపట్టణమునను శ్రీకాకుళమునను మద్రాసునను కొంతకాలముండి, 1840లో నెల్లూరున స్థిరపడి అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనును నెలకొల్పిరి. ఆ సంవత్సరముననే వాన్ హూసెన్ గారు ఆయనకు తోడుగా వచ్చిరి. 1844లో నెల్లూరున చిన్న సంఘమొకటి యేర్పడెను. కాని యెండలకును జ్వరములకును తాళలేక మొదట వాన్ హూసెన్ గారును, తరువాత 1846లో డే గారును స్వదేశమునకు పోవలసివచ్చెను. మిషను బంగళాలో దీపము పెట్టు మిషనరీ యెవరును లేక మూడేండ్లు గడచెను. ఇంత డబ్బును ఇన్ని ప్రాణములను ఆ యొక్కచోట వ్యయము చేయుట న్యాయమా యని అమెరికాలోని మిషను సభవారు అప్పుడే ఆలోచింప మొదలిడిరి. కడకు మరియొకమారు ప్రయత్నింతమని నిశ్చయించి, కోలుకొన్న డే గారితో కూడ జ్యూయెట్ దంపతులను పంపిరి. వారు 1848 చివర ఓడనెక్కి, 1849 ఏప్రిలు మాసమున నెల్లూరు చేరిరి.

ఏప్రిలు మాసమున నెల్లూరనగా మనకు చెప్పనక్కరలేదు. పెన్నలో ఇసుక తప్ప మరేమియు కానరాని కాలమది. మంచుదేశమున పుట్టిన మనుష్యునకు అదియే తొలి దర్శనము. ఆయన మొదట చేసిన పని మన భాషను నేర్చుకొనుట. వచ్చిన యేడాదిలోపలనే తెలుగున ప్రసంగింపగలిగిరనగా ఆయన పట్టుదల యెట్టిదో గ్రహింపవచ్చును. మన అక్షరములు, మన సంధులు, మన సామెతలు ఆయనకు కేవలము పనిముట్లుగా తోచలేదు. పరిశుద్ధ గ్రంథపు తెలుగు భాషాంతరమును సవరించు పనిలో ఆయన తరువాత ఎన్నో సంవత్సరములు పాల్గొనిరి. ఒక మాటకు సరియైన మాట దొరకువరకు వేచియుండుట ఆ పనికి మొదటి గుణము. ఆ గుణము ఆయనకు పుష్కలముగా నుండెను.

ఐతే పని ఫలించెనా? లేదనియే చెప్పవలెను. ఆయన బజారులలో బోధించిరి. తిరునాళ్లకు పోయి కరపత్రములు పంచిరి. చలికాలమున డేరా వేసికొని ఊరూర తిరిగిరి. వినువారు విని తమ దారిని పోయిరి. సంవత్సరమునకు ఒకరో యిద్దరో ముందుకు వచ్చుట, ఒక్కొక్క సంవత్సరము వారును లేకపోవుట, ఇదియే ఆ నాటి చరిత్ర. 1853లో ఆరోగ్యము మరల చెడి డే గారు ఈ దేశమును కడసారిగా విడిచి వెళ్లిరి. అంత నెల్లూరి బంగళాలో జ్యూయెట్ దంపతులు తప్ప మరియొక మిషనరీ లేకుండిరి.

ఆ సంవత్సరముననే అమెరికాలోని ఆల్బనీ నగరమున మిషను సర్వసభ కూడెను. బంగాళాఖాతమునకు ఆవలివైపున బర్మాదేశములో ఆ మిషను పని మిక్కిలి వర్ధిల్లుచుండెను. అచ్చట కరెనుజాతివారు వేలకొలదిగా చేరుచుండిరి. ఈవలివైపున నెల్లూరు ఒక్కటియే దిక్కులేక మిగిలియుండెను. కావున నెల్లూరును మూసి, అచ్చటి మిషనరీలను బర్మాకు పంపుట మేలని కొందరు వాదించిరి. చర్చ జరుగుచుండగా ఒకరు గోడమీది పటమును చూపుచు, బర్మావైపు నున్న అనేక నక్షత్రముల కెదుట నెల్లూరును ఒంటరి నక్షత్రమని పేర్కొనిరి. ఆ రాత్రి శామ్యూల్ స్మిత్ గారను కవి, అమెరికావారి దేశభక్తిగీతమును రచించి ప్రసిద్ధిగాంచినవారు, ఆ పేరునే తీసికొని కొన్ని చరణములు వ్రాసిరి. మరునాటి యుదయమున ఫలాహారపు బల్లయొద్ద అవి చదువబడగా విన్నవారి మనస్సులు కరిగెను. మిషనును మూయరాదని సభవారు తీర్మానించిరి. నాటినుండి మన తెలుగు మిషనునకు ఒంటరి నక్షత్రమను పేరు నిలిచెను.

ఆల్బనీలో ఎవరు ఏమి మాటలాడుచున్నారో నెల్లూరిలోని జ్యూయెట్ గారికి ఆ గడియలో తెలియదు. ఆ కాలమున జాబులు ఓడలమీద నెలలకొలదిగా ప్రయాణము చేయవలసియుండెను. తన పని నిలుచునో కొట్టివేయబడునో తెలియకయే ప్రతిదినము ప్రాతఃకాలమున లేచి ఆ పనినే చేయవలసిన స్థితి ఆయనది. బాలబాలికలారా, ఈ స్థితిని కొంచెము తలంచి చూడుడు. పరీక్ష వ్రాసి ఫలితములకొరకు వేచియుండు నెలదినములు మీకెంత భారముగా నుండునో మీకు తెలియును. ఆయనకు ఆ వేచియుండుట ఇంచుమించు పదునేడు సంవత్సరములు.

1853 చివర జ్యూయెట్ గారు దొరసానిగారితోను కొందరు సహాయకులతోను ఉత్తరదిక్కునకు పర్యటనమునకు బయలుదేరిరి. అప్పటికి మన ప్రాంతమున రైలు లేదు. అది వచ్చుటకు ఇంకను నలుబదియేండ్లకు పైగా పట్టెను. నెల్లూరినుండి ఒంగోలునకు పోవువారు పెన్నదాటి, మన కోవూరున్న యీ దిక్కుననే, ఎడ్లబండ్లమీదనో కాలినడకనో సుమారు 75 మైళ్లు పోవలసియుండిరి. ఏ చెట్టుక్రింద వారు ఎడ్లను విప్పిరో, ఏ బావినీరు త్రాగిరో వ్రాసిపెట్టినవారు లేరు. కాని మనము ప్రతిదినము బడికి నడచు నేల ఆ ప్రయాణముల నెరిగిన నేలయని తలంచుటకు మనకు హక్కు కలదు.

ఒంగోలున కొన్నిదినములు బోధించిన తరువాత, 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకమునుపే ఐదుగురు ఆ ఊరి ప్రక్కనున్న కొండనెక్కిరి. జ్యూయెట్ గారు, ఆయన భార్య, నర్సు అను క్రైస్తవ సహాయకుడు, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు స్త్రీలు. ఈ ఐదుగురి పేరులను మన పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయనగా ముగ్గురు మనవారే. కొండమీద వారు ఒక కీర్తన పాడి, యెషయా గ్రంథము 52వ అధ్యాయమును చదివిరి. కొండలమీదుగా వచ్చి సమాధానమును చాటించు దూతయొక్క పాదములు ఎంత యందమైనవో ప్రవక్త వర్ణించిన అధ్యాయమది. తరువాత ఒకరి వెనుక నొకరు ఐదుగురును మోకాళ్లూని ప్రార్థించిరి. ఒంగోలునకు ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. సూర్యుడు పొడిచెను. దిగివచ్చునప్పుడు జ్యూయెట్ గారు క్రింద నున్న యొక స్థలమును చూపి, రాబోవు మిషనరీకి అది మంచి నివాసమగునని తోడివారితో అనిరి. ఆ స్థలమే పిమ్మట మిషనునకు లభించెను.

ఇచ్చట ఒక్కక్షణము నిలిచి ఆలోచింతము. ఆయన చేతిలో అప్పుడేమి యుండెను? ధనము లేదు, తోడి మిషనరీ లేడు, చెప్పుకొనదగిన ఫలము లేదు. ఐనను ఇల్లు కట్టుటకు స్థలము చూపుచున్నాడు. వట్టి ఆశకును విశ్వాసమునకును భేదమిదియే. ఆశ మాత్రమే గలవాడు జవాబు కొరకు దారి చూచుచు అలసిపోవును. సమాధానము గలవాడు జవాబు వచ్చునప్పుడు దానికి కావలసిన చోటును సిద్ధము చేయుచుండును.

కొండ దిగిన మరునాడే అద్భుతము జరుగలేదు. 1855లో డగ్లసు దొరగారు నెల్లూరునకు తోడుగా వచ్చిరి. ఒంగోలునకు మాత్రము ఎవరును రాలేదు. ఏడాది వెనుక ఏడాది గడచెను. 1862లో జ్యూయెట్ గారి ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయిరి. ఆయన అచ్చట చేరునప్పటికి అమెరికా యుత్తర దక్షిణ భాగముల నడుమ ఘోరయుద్ధము సాగుచుండెను, ధనము కొరతపడెను. నెల్లూరు మిషనును మూసివేయవలెనను మాట మూడవమారు వచ్చెను.

శాంతిపరుడనగా నోరు మెదపనివాడని మనము తలంచుట కలదు. జ్యూయెట్ గారు ఆ సభలో నోరు మెదపకుండ కూర్చుండలేదు. మీరు సహాయము చేసినను చేయకున్నను నేను తెలుగువారియొద్దకు మరలిపోయెదను, వారి నడుమ బ్రదికెదను, అవసరమైన వారి నడుమనే చనిపోయెదనని ఆయన నిశ్చయముగా తెలియజేసిరి. ఆ వృద్ధుని ఒంటరిగా పంపుట తగదు, ఆయనను పాతిపెట్టుటకైనను ఎవరో యొకరు తోడుండవలెను గదా యని మిషను కార్యదర్శి తలంచెనని పెద్దలు చెప్పుదురు. అట్లు ఆయనకు తోడుగా దొరికినవాడే జాన్ క్లౌ దొరగారు. 1864 చివర వారు ఓడనెక్కి, 1865లో నెల్లూరు చేరిరి.

ఆ సభలో ఆయన మాటకు బలమెచ్చటనుండి వచ్చెను? ఆయన కోపించి బల్ల గ్రుద్దలేదు. చూపుటకు ఆయనయొద్ద లెక్కలు లేవు. ఇరువదిరెండేండ్ల మిషనునకు సభ్యులు కొద్ది పదులు మాత్రమే. ఎదుటివారి లెక్కలే సరియైనవి. కాని తన లోపల కలహము లేనివాని మాటకు ఒక బరువుండును. ఈ మాటను మన కోవూరివారికి వివరించుట సులభము. పెన్నానది వరదలో పరుగెత్తునప్పుడు దాని బలమును చూచి జడియుదుము. కాని ఆ పరుగుతో ఒక్క మడియైనను పండదు. సంగమువద్ద ఆగి, కనిగిరి జలాశయమున చేరి, అచ్చట నిశ్చలముగా నిలిచిన నీరే కాలువలద్వారా మన వరిపొలములకు వచ్చును. నిలిచిన నీరు సోమరినీరు కాదు. నిలిచినందుననే అది దూరము పోగలదు, నాలుగు దిక్కులకు పంచబడగలదు. జ్యూయెట్ గారి హృదయశాంతి అట్టి జలాశయము.

క్లౌ గారు 1866లో ఒంగోలునకు పోయి, జ్యూయెట్ గారు చూపిన స్థలమందే నివసించిరి. కొండమీది ప్రార్థనకు పండ్రెండేండ్ల తరువాత ఒంగోలునకు సేవకుడు వచ్చెను. ఆ సంవత్సరముననే యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగవాడు బాప్తిస్మము పొందెను. ఈయన అక్షరములు ఎరుగనివాడు. తోళ్ల వ్యాపారము చేయువాడు. ఆత్మశాంతిని వెదకుచు యోగమార్గమున గురువునాశ్రయించి సాధన చేసినవాడు. వర్తకమునకై ఉత్తరమునకు పోయినప్పుడు క్రీస్తునుగూర్చి విని, ఆ సంగతి తేల్చుకొనుటకై వెదకుచు వచ్చెను. దొరలు ఆయనను వెదకి కనుగొనలేదు. ఆయనయే వారిని వెదకి కనుగొనెను. పేరయ్య తనవారి పల్లెపల్లెకును పోయి చెప్పగా, అంతవరకు ఊరిబయట నెట్టివేయబడి యున్న జనులు వందలకొలదిగా వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో ఒంగోలు సంఘమేర్పడెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్పకరవు వచ్చెను. క్లౌ గారు యౌవనమున భూమి కొలతపని నేర్చినవారు గనుక, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి పనిని కూలిని కలుగజేసిరి. కూలికొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై కరవుపని సాగినంతకాలము, ఏడాదికి పైగా, ఎవరికిని బాప్తిస్మమీయక నిలిపిరి. కరవు తగ్గి, పని ముగిసి, ఇచ్చుటకేమియు లేని సమయమున జనులు మరల వచ్చి అడిగిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మనదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,600 దాటెను.

ఆ దినమున నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. జ్యూయెట్ గారు వారిలో లేరు. ఆ సంవత్సరమున ఆయన మద్రాసు నగరమున, మరల మొదటినుండి, కొత్త మిషను స్థానమొకదానిని ప్రారంభించుచుండిరి. అప్పటికి ఆయనకు అరువదియైదేండ్లు. తాను కన్నీటితో విత్తిన పొలములో పంట పండుచుండగా, ఆ పంటను ఇతరులు కోయుచుండగా, తాను పోయి మరియొక బీడుభూమిని దున్ననారంభించెను. నాకు ఆయన జీవితమంతటిలో మిక్కిలి గొప్పగా తోచు ఘట్టమిదియే. ఒంటరియై యున్నప్పుడు నిలుచుట ఒక శాంతి; తన ప్రార్థనకు జవాబు ఇతరుల చేతులలో కనబడినప్పుడు అసూయపడక సంతోషించుట అంతకంటె గొప్పశాంతి.

ఆ వేలమంది ఒక్క మనుష్యుని ప్రార్థనవలననే వచ్చిరని చెప్పుట సత్యము కాదు. ఆయనయు అట్లు చెప్పుకొనువారు కారు. పేరయ్య నడచిన నడక, క్లౌ గారి శ్రమ, పేరులేని తెలుగు బోధకుల ఓర్పు, తరతరములుగా అవమానము పొందిన జనులకు మనుష్యులుగా బ్రదుకవలెనని కలిగిన కోరిక, ఇవన్నియు అందులో చేరియున్నవి. జ్యూయెట్ గారు చేసినది ఒక్కటే: తలుపు మూతపడకుండ ముప్పదియేండ్లు దానికి అడ్డుగా నిలిచియుండుట. ఆయన 1862లో వెనుదీసి యుండినయెడల, 1878లో తట్టినవారికి ఆ తలుపు తెరచువా రెవరుందురు?

ఆయన ఆ తరువాత మద్రాసులో మరికొన్నియేండ్లు పనిచేసి, స్వదేశమునకు పోయి, 1897లో ఎనుబదియేండ్లు దాటిన వయస్సున నెమ్మదిగా కన్నుమూసిరి. ఒంగోలులో ఆయన పేరిట నిలిచిన దేవాలయమును మనలో పెక్కుమంది చూచియుందురు.

ఇంతవరకు ఆయన కథ. ఇక ఉపాధ్యాయుడనైన నేను నా మాట యొకటి చెప్పి ముగించెదను. చెప్పుటకు సిగ్గుగా నున్నను, ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము గనుక చెప్పవలెను.

శిక్షణ కళాశాలనుండి వెలువడి వేరొక ఊరిలో పనిచేయుచున్న తొలిదినములలో నాకు హృదయశాంతి లేకుండెను. బోధనాపద్ధతులన్నియు నేర్చితిని, పాఠపథకములు చక్కగా వ్రాసితిని, కాని తరగతి ఫలితములు తక్కువగా నుండెను. ఆ యలజడి నా కంఠములోనికి వచ్చెను. ఒకనాడు, లెక్క తప్పుచేసిన యొక బాలుని తరగతియంతటి యెదుట, నా నిరాశయంతయు వానిమీద క్రుమ్మరించి కఠినముగా మాటలాడితిని. వాడు తలవంచుకొని వినెను. మరునాడు బడికి రాలేదు. ఆ తరువాతను రాలేదు. వాని యింటికి పోయి చూడగా ఆ కుటుంబము పనికొరకు ఊరు విడిచిపోయెనని ప్రక్కవారు చెప్పిరి. వాడు నా మాటవలన మానెనో, పనికొరకే పోయెనో, నాకు నేటికిని జవాబు లేదు.

ఆ సెలవులలో నేను రాజీనామా వ్రాసి సంచిలో పెట్టుకొని ఒంగోలునకు పోయి, తెల్లవారుజామున ఆ కొండనెక్కితిని. కొండమీద నాకు దర్శనమేమియు కలుగలేదు. చలిగాలి వీచెను, క్రింద ఊరు మేల్కొనుచుండెను. నూరేండ్లకు పైగా వెనుక ఇచ్చట మోకాళ్లూనినవారి చేతిలో నా చేతిలో నున్నదానికంటె ఎక్కువ యేమియు లేకుండెనని మాత్రము తలంపునకు వచ్చెను. నా తప్పును దేవునియెదుట ఒప్పుకొంటిని. దిగివచ్చి రాజీనామాను చించివేసితిని. ఆ సంవత్సరపు ఫలితములు వెనుకటి సంవత్సరపు ఫలితములకంటె మేలుగా రాలేదు. కాని తరగతిలో నా కంఠము మారెను. నాకు తెలిసినంతలో అదియే నాకు లభించిన సమాధానము.

కావున విద్యార్థులారా, మీతో నొకమాట. ప్రభువు తాను పట్టబడబోవు రాత్రియందే తన సమాధానమును శిష్యులకు విడిచిపోయెను; ఆపద గడచిన తరువాత ఇచ్చినది కాదు. మీకు పరీక్షలు వచ్చును, ఓటములు వచ్చును, ఎవరును మెచ్చని శ్రమ వచ్చును. అప్పుడు జవాబు చేతికి వచ్చువరకు శాంతిని వాయిదా వేయకుడు. ప్రాతఃకాలమున కొంచెముసేపు మౌనముగా దేవుని సన్నిధిని కూర్చుండుడు. మనస్సు నిలిచిన పిమ్మట పుస్తకము తెరువుడు. తలిదండ్రులారా, పిల్లల అంకెలను చూచుటకు ముందు వారి ముఖములను చూడుడు. యింటిలో శాంతి లేనిచో బడిలో మేము చెప్పినది నిలువదు. తోడి యుపాధ్యాయులారా, మన యలజడి మన పిల్లలమీద పడకుండునట్లు మొదట మన హృదయములను చక్కబెట్టుకొందము.

నాటి బాలుడు నేడు పెద్దవాడై యెచ్చటనో యుండును. వానికి నేను బాకీపడిన మృదువైన మాటను ఇప్పుడు నాయెదుట కూర్చున్న మీకు చెల్లించుచున్నాను. దేవుడు మీకును మీ గృహములకును సమాధానము కలుగజేయును గాక.